పడవెక్కడానికి కూడా కోచింగేటి బావా?

మా బావది శ్రీకాకుళం జిల్లా గార పక్కన పల్లె, కళింగపట్నం బీచ్‌కి బండి మీద పావుగంట. వాళ్ళ గుంటడికి పదమూడేళ్ళు. మొన్నామధ్య వైజాగ్ వెళ్ళినప్పుడు సముద్రం మీద తెల్ల తెరచాపల చిన్న పడవలు వరసగా పోతుంటే చూసొచ్చాడట, అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే పాట, సెయిలర్‌నవుతానని. బావ ఫోన్ చేసి మొదట అడిగింది ఇది: "పడవెక్కడానికి కూడా కోచింగేటి బావా? మన పేటల్లో వాళ్ళకి ఎవడు నేర్పాడు?" రెండోది: "సరే, నేర్చుకున్నాడే అనుకో, ఉద్యోగమొస్తాదా?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. చెప్పడం మొదలెట్టి అరగంట గడిచినా సగం కూడా కాలేదు, ఈలోపు ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, బావ ఎలాగూ చదువుతాడు.

ముందు మాట దగ్గరే చిక్కుంది. మా జిల్లాలో సెయిలర్ అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి నేవీలో సెయిలర్, అంటే పరీక్ష రాసి, పరుగు తీసి, యూనిఫాం వేసుకునే ఉద్యోగం. రెండోది సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్ళు ఏజెంట్లకి డబ్బు కట్టి మరీ వెళ్ళే మర్చంట్ నేవీ సీమాన్ పని. మేనల్లుడు చూసొచ్చింది ఈ రెండూ కాదు, డింగీలనే చిన్న తెరచాప పడవల ఆట. పోనీ నెలల తరబడి సముద్రం మీద ఉండే సాహస యాత్రా అంటే అదీ కాదు. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ మహిళా అధికారులు 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చారు కదా, వాళ్ళలో స్వాతి అనే విశాఖపట్నం అమ్మాయి కూడా ఉంది, అది మహాసముద్రాలు దాటే పెద్ద పడవ. డింగీ రేసు ఒడ్డు నుంచి కనపడేంత దూరంలోనే, గంటలోపు అయిపోతుంది, రోజుకి రెండో మూడో ఉంటాయి, సాయంత్రానికి పడవని ట్రాలీ మీద ఒడ్డుకి లాగేసి కడిగి పెట్టుకోవాలి.

డింగీ అంటే ఇంజను లేని, లోపల గది లేని, ఒక్కరో ఇద్దరో పట్టే చిన్న తెరచాప పడవ. ప్రపంచమంతా ఎక్కువగా ఆడేది లేజర్, ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. బ్రూస్ కిర్బీ గీసిన డిజైన్, 1971లో బయటికొచ్చింది, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పొడవు 4.23 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. పెద్ద పడవలకి అడుగున ఇనుమో సీసమో బరువు కడతారు, గాలి కొట్టినా పడవ నిలబడేలా. దీనికి ఆ బరువు లేదు. మధ్యలో ఉన్న సందులోంచి ఒక పలక నీళ్ళలోకి దించుతారు గానీ, అది పడవ పక్కకి జారకుండా ఆపడానికే. మరి గాలి కొట్టినప్పుడు పడవ పల్టీ కొట్టకుండా ఆపేదేంటి? లోపలున్న మనిషి. పాదాలు ఒక పట్టీ కింద ఇరికించి, తొడల కింది నుంచి మొత్తం శరీరాన్ని పడవ బయటికి వేలాడేసి, వీపు నీళ్ళకి తగిలేంత వెనక్కి వాలి, ఒక చేత్తో చుక్కాని కర్ర, ఇంకో చేత్తో తెరచాప తాడు పట్టుకుని ఉండాలి. దాన్ని హైకింగ్ అంటారు. గోడకి ఆనుకోకుండా గోడకుర్చీ వేసి, ఎవరో పది సెకన్లకోసారి మొహాన ఉప్పునీళ్ళు కొడుతుంటే, తర్వాత ఏం చెయ్యాలో లెక్కలేసుకుంటున్నట్టు ఊహించుకోండి. ఈ ఆటలో కెరీర్ ఎలా సాగుతుందన్నదంతా ఈ ఒక్క విషయంలోంచే వస్తుంది: పడవకి బరువు మనిషే. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక జాలర్లకి ఎవడు నేర్పాడన్న మాట. తెప్పల కాలంలో మా తీరంలో తెల్లారగట్ల నేల మీంచి సముద్రం వైపు వీచే గాలితో వేటకి వెళ్ళి, మధ్యాహ్నం సముద్రం మీంచి ఒడ్డుకి తిరిగే గాలితో ఇంటికొచ్చేవారు. అంటే వీలైనంతవరకూ గాలి తోసే వైపు ప్రయాణం. అది తెలివి, ఒళ్ళు అలవకుండా పని జరిగే దారి. ఆట దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. రేసులో మొదటి గుర్తుని, అంటే తేలే బోయాని, కావాలనే గాలి వచ్చే దిక్కున పెడతారు. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురెళ్ళలేదు. సుమారు 45 డిగ్రీలు పక్కకి కోసుకుంటూ, కాసేపు ఎడమకి, కాసేపు కుడికి, సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ వెళ్ళాలి. కాకపోతే ఘాట్ రోడ్డుకి మలుపులు ఎక్కడున్నాయో ముందే వేసిపెట్టి ఉంటాయి. ఇక్కడ మలుపు ఎక్కడ తిప్పాలో మనమే తేల్చుకోవాలి, పైగా మనం ఎక్కుతుండగా కొండ పక్కకి జరుగుతుంది. గాలి పది డిగ్రీలు కుడికి తిరిగిందంటే కుడి వైపున్నవాడికి దారి తగ్గిపోతుంది, ఎడమ వైపు వెళ్ళినవాడు ఎంత బలంగా వేలాడినా వెనకబడతాడు.

గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందన్నది జాతకం కాదు. ఎండకి నేల వేడెక్కి పైగాలి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం గాలి వస్తుంది, పొద్దెక్కే కొద్దీ బలపడుతుంది, భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో మెల్లమెల్లగా గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. కళింగపట్నంలో వలలు కుట్టుకునే ముసలాయన్ని అడిగితే భూభ్రమణం సంగతి చెప్పడేమో గానీ గాలి ఎన్నింటికి తిరుగుతుందో చెప్తాడు. ఒలింపిక్ కోచ్ నోట్‌బుక్‌లో ఉండేది కూడా దాదాపు అదే, పక్కన అంకెలుంటాయి అంతే.

రేసు మొదలయ్యే తీరు చూస్తే కొత్తవాళ్ళకి పిచ్చెక్కుతుంది. గీత మీద వరసగా నిలబడటం ఉండదు, పడవకి బ్రేకుల్లేవు కాబట్టి. ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలకి ఇంకోటి, నిమిషం ఉందనగా అది దిగుతుంది. ఈలోపు నలభై యాభై పడవలు కళ్ళకి కనపడని ఒక గీత వెనకాల, అంటే ఆ చివర జడ్జీల పడవకీ ఈ చివర బోయాకీ మధ్య, ఒకదాన్నొకటి తోసుకోకుండా చక్కర్లు కొడుతుంటాయి. సున్నా కొట్టే క్షణానికి పూర్తి వేగంతో గీత మీద ఉండాలి. అర సెకను ముందు దాటితే తప్పు, మూడు సెకన్లు వెనకబడితే ముందున్నవాళ్ళ తెరచాపలు వదిలే చెడ్డ గాలి తాగుతూ రేసంతా పోవాలి. దారి ఎవరు ఎవరికివ్వాలన్నదానికి రూల్స్ ఉన్నాయి. గాలి కుడి వైపు నుంచి తగిలే పడవకి, ఎడమ వైపు నుంచి తగిలే పడవ తప్పుకోవాలి, అది మొదటి పాఠం. తప్పు చేసినవాడు తనంతట తనే రెండు సార్లు గుండ్రంగా తిరిగి శిక్ష వేసుకోవాలి. ఒప్పుకోకపోతే సాయంత్రం ఒడ్డు మీద గదిలో కూర్చుని, ఫిర్యాదు కాగితం రాసి, సాక్షుల్ని పిలిచి వాదించుకోవాలి, చిన్న సైజు కోర్టే. పదహారేళ్ళ పిల్లలు కూడా రూల్ నెంబర్లు చెప్తూ వాదిస్తారు. బావకి ఇది బాగా నచ్చింది. "అయితే లాయరైనా అవుతాడు" అన్నాడు.

పాయింట్లు మాత్రం తిరగేసి ఉంటాయి. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2, ముప్పయ్యో స్థానానికి 30. చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అందరి లెక్కలోంచీ వాళ్ళ చెత్త రేసు ఒకటి తీసేస్తారు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అమ్మాయిల ఐఎల్‌సీఏ 4లో, అంటే లేజర్‌లోనే చిన్న తెరచాప రకంలో, నేహా ఠాకూర్‌కి వెండి పతకం ఎలా వచ్చిందో చూడండి: 11 రేసుల్లో మొత్తం 32 పాయింట్లు, అందులో చెత్త రేసువి 5 తీసేస్తే 27. అంటే ఆమె చెత్త రోజు కూడా అయిదో స్థానమే. ఒక రేసు గెలిచి ఇంకో రేసులో ఇరవయ్యో స్థానంలో వచ్చేవాడి కంటే, ఎప్పుడు చూసినా మూడూ నాలుగూ వచ్చేవాడే ఇక్కడ మొనగాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అయితే ఈ పడవలకి చివర్లో మొదటి పదిమందికే మెడల్ రేస్ అని ఒకటుంది, దానికి పాయింట్లు రెట్టింపు, దాన్ని తీసెయ్యడం కుదరలేదు.

ఈ లెక్క ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే సిడ్నీకి వెళ్ళాలి. 2000 సంవత్సరం, మనందరికీ గుర్తున్న సిడ్నీయే, ఊసవానిపేట మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కంచు తెచ్చిన సిడ్నీ. అదే ఒలింపిక్స్‌లో లేజర్ తరగతిలో బ్రెజిల్ రాబర్ట్ షైట్‌కీ ఇంగ్లండ్ కుర్రాడు బెన్ ఐన్‌స్లీకీ మధ్య పాత పగ ఒకటి నడుస్తోంది. అంతకు నాలుగేళ్ళ ముందు 1996లో ఆఖరి రేసులో షైట్ ముందంజలో ఉండి, కావాలనే గీత ముందే దాటి, వెనకాలే ఐన్‌స్లీ కూడా దాటేలా చేశాడు. ఇద్దరూ డిస్‌క్వాలిఫై అయ్యారు, కానీ లెక్క షైట్ వైపుండటంతో బంగారం అతనికే పోయింది. సిడ్నీలో ఆఖరి రేసు నాటికి ఐన్‌స్లీకి కావాల్సింది తను గెలవడం కాదు, షైట్ బాగా వెనకపడటం. అందుకని రేసు వదిలేసి షైట్‌కి గాలి వచ్చే వైపునే పడవ పెట్టి, అతని తెరచాపకి గాలి అందకుండా అడ్డుకుంటూ, అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, ఇద్దరూ కలిసి గుంపు చివరికి పోయేదాకా వదల్లేదు. ఆ పెనుగులాటలో షైట్ డిస్‌క్వాలిఫై అయ్యాడు. ఈసారి బంగారం ఐన్‌స్లీది. ఇందులో అన్యాయం ఉందా అని నన్నడిగితే లేదనే అంటాను, ఇద్దరూ ఒకరి పాఠం ఒకరికి అప్పజెప్పారు అంతే.

ఇప్పుడు మళ్ళీ బరువు దగ్గరికి. మాది బరువులెత్తేవాళ్ళ జిల్లా, వెయిట్ కేటగిరీ అంటే ఏంటో ఆమదాలవలస బస్టాండ్లో ఎవర్నడిగినా చెప్తారు. పోటీకి ముందు నీళ్ళు కూడా మానేసి కిలో తగ్గడం గురించి కథలు కథలుగా విన్నాం. డింగీలో కాటా ఉండదు, పోటీ ముందు నిన్నెవరూ తూచరు, గాలే తూస్తుంది. తేలికైనవాడు పెద్ద తెరచాప పడవ ఎక్కితే గట్టి గాలిలో దాన్ని నిలబెట్టలేడు. బరువైనవాడు చిన్న తెరచాప పడవ ఎక్కితే చిన్న గాలిలో అది కదలదు. అందుకే సెయిలర్ కెరీర్ అంటే వయసుతో, కిలోలతో పాటు పడవలు మారుతూ పోవడమే. మొదట ఆప్టిమిస్ట్ అని పెట్టెలాంటి పడవ, 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం చేసింది, 2.36 మీటర్లు, 35 కిలోలు. పదిహేనేళ్ళు నిండే సంవత్సరంతో దానికి చెల్లు. తర్వాత ఐఎల్‌సీఏ. ఇందులో తెలివంతా ఏంటంటే పడవ ఒకటే, కర్ర అడుగు భాగం, తెరచాప మారుస్తారు: 4.7 చదరపు మీటర్ల తెరచాపతో ఐఎల్‌సీఏ 4, 5.76తో ఐఎల్‌సీఏ 6, 7.06తో ఐఎల్‌సీఏ 7. మొదటిది యాభై, అరవై కిలోల పిల్లలకి. రెండోది అరవై నుంచి డెబ్భై వరకు, అమ్మాయిల ఒలింపిక్ పడవ అదే. మూడోది మగవాళ్ళది, దానికి ఎనభై కిలోలు దాటాలి, అదీ కొవ్వు కాదు, తొడలూ నడుమూ.

చాలామంది కెరీర్ ఇక్కడే తెగిపోతుంది, బయటివాళ్ళకి అర్థం కాని కారణంతో. పదిహేడేళ్ళకి దేశంలో మొదటి ముగ్గురిలో ఉన్న కుర్రాడు అరవై మూడు కిలోల దగ్గర ఆగిపోతే అతనిలో లోపమేమీ లేదు, కానీ ముందున్న పడవ అతనిది కాదు. అప్పుడు రెండే దార్లు. ఒకటి తిని, జిమ్ముకెళ్ళి పెరగడం. ఐన్‌స్లీ సిడ్నీ తర్వాత పదిహేను కిలోలకి పైగా పెరిగి ఫిన్ అనే బరువైన పడవకి మారాడు, దాని మీద ఇంకో మూడు బంగారాలు గెలిచాడు. రెండోది ఇద్దరి పడవకి మారడం. 470 అనే పడవలో చుక్కాని పట్టేవాళ్ళు తేలిగ్గా ఉంటేనే మంచిది, పారిస్ నుంచి ఒలింపిక్స్‌లో అది ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి నడిపే పడవైంది. మా వైపు ఒళ్ళు చూస్తే నాకు ఆ దారే మేలనిపిస్తుంది, కానీ జోడీ కుదరడం పెళ్ళి కుదరడం కంటే కష్టమని ఆ ఆట తెలిసినవాళ్ళు అంటారు.

ఇంకో గండం: ఒలింపిక్స్‌లోంచి పడవనే తీసేస్తారు. షైట్ లేజర్ వదిలి స్టార్ అనే పడవకి మారి రెండు పతకాలు తెచ్చాడు, 2012 తర్వాత స్టార్‌ని తీసేశారు, మనిషి మళ్ళీ లేజర్ ఎక్కి 48 ఏళ్ళ వయసులో టోక్యోలో ఎనిమిదో స్థానంలో వచ్చాడు. ఐన్‌స్లీ ఫిన్ కూడా టోక్యోతో పోయింది. హాంగ్‌జౌలో ఈబద్ అలీ కంచు తెచ్చిన ఆర్‌ఎస్-ఎక్స్ అనే తెరచాప బోర్డు అప్పటికే ఒలింపిక్స్‌లో లేదు. కుస్తీ పట్టేవాడికి రేపట్నుంచి మట్టి లేదు, నీళ్ళలో పట్టు అని చెప్పినట్టుంటుంది.

మరి మన దేశంలో ఎంతవరకు వచ్చాం? నేత్రా కుమనన్ చెన్నై అమ్మాయి. పన్నెండేళ్ళప్పుడు వేసవి క్యాంపులో మొదటిసారి పడవెక్కింది, ఇంజనీరింగ్ చదువుతూ ఆడింది, 2021లో ఒమన్‌లో అర్హత సాధించి ఒలింపిక్స్‌కి వెళ్ళిన తొలి భారత మహిళా సెయిలర్ అయింది. టోక్యోలో 35వ స్థానం, పారిస్‌లో 21. విష్ణు శరవణన్ సైన్యంలో ఉద్యోగి, టోక్యోలో 20, పారిస్‌లో 43 మందిలో 18. పేపర్లో చూస్తే పద్దెనిమిదేనా అనిపిస్తుంది. కానీ ఒక్కో తరగతిలో ఒక్కో దేశానికి ఒక్క పడవే. అంటే ఆస్ట్రేలియాలో రెండో వాడు, బ్రిటన్లో మూడో వాడు ఎంత మొనగాళ్ళైనా ఇంట్లో టీవీ చూడాల్సిందే. ఇది మనవాళ్ళకి కలిసొచ్చేదే, అలాగే మనలో రెండో స్థానంలో ఉన్నవాడికి నాలుగేళ్ళు నీళ్ళపాలు.

డబ్బు సంగతి బావ మూడుసార్లు అడిగాడు కాబట్టి సూటిగా చెప్తాను. బయటి నుంచి తెప్పించుకుంటే కొత్త ఐఎల్‌సీఏ చిన్న కారు కొన్నంత అవుతుంది. తెరచాప కొన్ని పోటీలకే సాగిపోయి పదును పోతుంది, మళ్ళీ కొనాలి. ఒలింపిక్స్‌లో మాత్రం ఐఎల్‌సీఏ పడవలు నిర్వాహకులే ఇస్తారు, అందరికీ ఒకే రకం, కానీ అక్కడిదాకా వెళ్ళడానికి ఏటా వసంతంలో స్పెయిన్‌లోని పాల్మా, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని ఇయేర్, జూన్‌లో జర్మనీలోని కీల్ అంటూ తిరగాలి, టికెట్లు, పడవ అద్దె, వెంట వచ్చే కోచ్ పడవకి అద్దె, దానికి పెట్రోలు. క్రికెట్‌లా ప్రైజ్ మనీ లేదు, పతకంతో పాటు కుదిరితే ఒక కప్పు. ఒలింపిక్ పతకాల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలెట్టిన టాప్స్ పథకంలోకి ఎంపికైతే నెలకి 50,000 చేతికొస్తాయి, విదేశీ శిక్షణ ఖర్చు వాళ్ళే చూస్తారు, కానీ అక్కడికి చేరేది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అక్కడికి చేరకముందు పదేళ్ళు ఎవరు మోస్తారన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో దానికి జవాబు చాలావరకు సైన్యం, నేవీ. పడవలు వాళ్ళవి, కోచ్‌లు వాళ్ళవాళ్ళు, తిండి, జీతం, గెలిస్తే ప్రమోషన్. 1990ల మధ్యలో, మల్లీశ్వరికి ఖేల్ రత్న వచ్చిన రోజుల్లోనే, హోమీ మోతీవాలా, పి.కె. గార్గ్ అనే నేవీ జోడీకి కూడా ఖేల్ రత్న ఇచ్చారు. ఆ సంగతి మా జిల్లాలో ఎవరికీ గుర్తులేదు, నాకూ ఈమధ్యే తెలిసింది.

అంటే బావ రెండో ప్రశ్నకి జవాబు కొంచెం తలకిందులుగా ఉంది. సెయిలింగ్ వల్ల ఉద్యోగం రావడం కంటే, ఉద్యోగం ఉండటం వల్ల సెయిలింగ్ సాగడం ఎక్కువ. ఆడటం ఆపాక కోచ్, రేస్ ఆఫీసర్, జడ్జి, పడవలు బాగుచేసే పని, సంపన్నుల యాట్‌ల మీద సిబ్బంది, ఇలా దార్లున్నాయి, అయితే అవన్నీ ముంబై, గోవా, చెన్నై, లేదా దేశం బయట. శ్రీకాకుళంలో కూర్చుని చేసే పని ఒక్కటీ లేదు.

ఇంత పొడవు తీరం ఉన్న జిల్లాలో ఎందుకు లేదన్నది నన్ను చాలా రోజులు తొలిచింది. జవాబు నేహా ఠాకూర్ ఊర్లో దొరికింది. ఆమెది మధ్యప్రదేశ్‌లోని దేవాస్ దగ్గర రైతు కుటుంబం, దగ్గర్లో ఎక్కడా సముద్రమన్న మాటే లేదు. నేర్చుకుంది భోపాల్ పెద్ద చెరువులో, అక్కడి నేషనల్ సెయిలింగ్ స్కూల్లో. మన తెలుగువాళ్ళలో ఈ ఆటకి చిరునామా హుస్సేన్‌సాగర్, అదీ చెరువే. పిల్లలు నేర్చుకోడానికి కావాల్సింది సముద్రం కాదు, కెరటం లేని నీళ్ళు. మా బారువ, కళింగపట్నం, భోగాపురం, చింతపల్లి తీరాల్లో ఒడ్డునే కెరటం విరుగుతుంది. ఫైబర్ బోటుని నలుగురు భుజం పట్టి, కెరటానికి కెరటానికి మధ్య సందు చూసి, మోటారు కొట్టి దాటిస్తారు. 35 కిలోల ఆప్టిమిస్ట్‌లో పదేళ్ళ పిల్ల ఆ కెరటం ఎలా దాటుతుంది? మొదటి నెలంతా నేర్పేదే పడవ తిరగబడితే పలక మీద నిలబడి దాన్ని ఎలా లేపాలో. అది చెరువులో అయితే నవ్వుకుంటూ చేస్తారు, విరిగే కెరటంలో అయితే కర్ర విరుగుతుంది, లేదా పళ్ళు రాలతాయి.

కెరటం లేని నీళ్ళు మాకు లేవా అంటే ఉన్నాయి. వంశధార సముద్రంలో కలిసే చోట లోపలి నీళ్ళు, మడ్డువలస, విజయనగరం వైపు గోస్తని మీద తాటిపూడి, అక్కడ టూరిస్టు బోట్లు కూడా తిరిగాయి. వంశధార మొగ దగ్గర ఇసుక మేటలు ఏడాదికో తీరుగా మారతాయి, తాటిపూడి నీళ్ళు విశాఖకి తాగడానికి పోతాయి కాబట్టి అనుమతుల గొడవ ఉంటుంది, నిజమే. కానీ నీళ్ళ కంటే పెద్ద లోటు ఇంకోటుంది: పక్క పడవ. ఒక్క పడవ కొని పిల్లాడికిస్తే వాడికి షికారు వస్తుంది గానీ రేసు రాదు. తను వేగంగా వెళ్తున్నాడో లేదో తెలియాలంటే పక్కన ఇంకో పది పడవలుండాలి, వెనకాల మోటారు పడవలో అరిచే కోచ్ ఉండాలి. పేటల్లో పిల్లలకి నీళ్ళంటే భయం లేదు, గాలి కళ్ళతోనే చదువుతారు, కానీ చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు వేటకి గుజరాత్‌లోని వీరావల్ వలస పోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. వాళ్ళ ముంగిట్లోకి ఈ ఆటని ఎవరైనా తెస్తే తప్ప వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుంటూ రారు, రావాల్సిన అవసరం కూడా లేదు.

మేనల్లుడికి ఇప్పుడున్న దార్లు మూడు. సైన్యం బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు, వాటికి ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తీసుకుంటారు, కాబట్టి వాడికి ఉన్నది ఏడాదే. ఎన్‌సీసీ నేవల్ వింగ్, అందులో సెయిలింగ్ శిక్షణలో భాగం. లేదా సెలవుల్లో హైదరాబాద్ పంపి, అక్కడి క్లబ్బులో పిల్లాడికి నిజంగా ఇష్టమేనా, వైజాగ్‌లో చూసిన తెల్ల తెరచాపల మోజేనా అన్నది తేల్చుకోవడం. నా ఓటు మూడోదానికి, ఖర్చు తక్కువ, మోజైతే వారంలో దిగుతుంది. ఈలోపు ఈత రావాలి, బావిలో దూకే ఈత కాదు, బట్టలతో అరగంట నీళ్ళ మీద ఉండగలిగే ఈత.

ఫోన్లో విన్నంతవరకు విన్నాక బావ, "సరే గానీ, వాడికి ఏ పడవ సరిపోతాదో అది చెప్పు" అన్నాడు. ముందు వాణ్ణి తూచి చెప్పమన్నాను. రేషన్ షాపు కాటా మీద నిలబెట్టినట్టున్నారు, సాయంత్రం వాడే ఫోన్ చేశాడు: "మావా, నలభై నాలుగు. చెప్పులతో."